పిల్లల ఫోన్‌కి తాళం వేయండి!

పిల్లలకి ఆలోచించడం నేర్పడమంత దండగమారి పని ఇంకోటి లేదు. నిషేధించి పారేయండి! పీడా విరగడవుతుంది.

అనుభవంతో చెబుతున్నాను. ముప్పై ఏళ్లుగా తాళాలు బాగుచేస్తున్నవాణ్ణి, ఏ రోగానికైనా తాళమే మందని నమ్మినవాణ్ణి. పద్నాలుగేళ్ల మా అమ్మాయి చేతికి ఫోన్ రాగానే వీడియోలు బంద్, ఆటలు బంద్, కొత్తవాళ్లతో కబుర్లు బంద్! స్కూలు మెసేజ్‌లు చూసుకోవడానికి రోజుకి అరగంట. మిగతా టైమంతా ఫోన్ ఇనప్పెట్టెలో, తాళంచెవి నా జేబులో.

"ఏది నిజమో ఏది మోసమో దానికి అర్థమయ్యేలా చెప్పొచ్చు కదండీ?" అంది మా ఆవిడ.

చెప్పాలంటే కూర్చోవాలి. కూర్చుంటే అది ప్రశ్నలేస్తుంది. జవాబులు నాకు తెలిసుండాలి. ఎందుకొచ్చిన తతంగం? తాళమైతే ఒక్క తిప్పుతో సరి!

ఇంత కట్టుదిట్టం చేశాక మోసగాడు రాగలడా? వచ్చాడు. సరిగ్గా ఆ అరగంటలోనే వచ్చాడు. స్కూల్లో కొత్త టీచర్నంటూ మెసేజ్ పెట్టి, స్కూలు అకౌంట్ పాస్‌వర్డ్ పంపమన్నాడు. పది నిమిషాల్లో పంపకపోతే పరీక్ష రాయనివ్వనన్నాడు. ఇంట్లో చెప్పొద్దన్నాడు.

సెలవుల్లో మా అమ్మాయి నా దుకాణంలో కూర్చునేది. తాళంచెవి పోయింది, అర్జెంటుగా ఇల్లు తెరవమని ఎవరొచ్చినా, "పక్కింటివాళ్లని పిలవండి, ఇల్లు మీదేనని వాళ్లు చెబితే తెరుస్తా" అంటాను. మరీ తొందరపెట్టేవాడికి అసలు తెరవను. నేనెప్పుడూ నేర్పలేదు, అదే చూసి పట్టేసింది. "మా క్లాస్ టీచర్ని అడిగి పంపిస్తాను సార్" అని రాసింది. వాడు మళ్లీ కనిపిస్తే ఒట్టు!

చూశారా, నా నిషేధం ఎంత గొప్పగా పనిచేసిందో!

కాకపోతే ఈ సంగతి నాకు తెలిసింది నాలుగు రోజుల తర్వాత, అదీ మా ఆవిడ ద్వారా. ఆ నాలుగు రోజులూ పిల్ల క్లాస్ టీచర్ని నిజంగా అడగనూ లేదట, పరీక్ష ఏమవుతుందోనని సరిగ్గా తిండి కూడా తినలేదట. నా ప్రాణం ఉసూరుమంది.

"నాకెందుకు చెప్పలేదే?" అన్నాను.

"చెప్తే ఆ అరగంట కూడా తీసేస్తావుగా నాన్నా. వాడికన్నా నువ్వంటేనే ఎక్కువ భయమేసింది."

విన్నారుగా! నేను తాళం వేసింది ఫోన్‌కి. పడింది పిల్ల నోటికి. పనితనమంటే అదీ!