మూడు మెట్లు, ముప్ఫై ఏళ్ళు

ఇవాళ్టి పనిని ఇవాళే చేసే ప్రభుత్వమంత ప్రమాదకరమైనది లోకంలో మరొకటి లేదు! నవ్వకండి. బాగా ఆలోచించే ఈ మాట అంటున్నాను.

ఇవాళ కుళాయి బిగించారనుకోండి. రేపటికల్లా అది కారుతోందని ఎవరో ఒకరు ఫిర్యాదు పట్టుకొస్తారు. అదే ముప్ఫై ఏళ్ళ తర్వాత బిగించబోయే కుళాయిని చూడండి, ఎంత ముద్దుగా ఉంటుందో! కారదు, తుప్పు పట్టదు, నీళ్ళెందుకు రావట్లేదని అడిగేవాడుండడు. అందుకే మన ఊళ్ళో కొత్తగా వెలసిన భవిష్యత్ ప్రణాళికా విభాగాన్ని తలుచుకుంటే నాకు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

ఆ ఆఫీసు రెండో అంతస్తులో ఉంది. లిఫ్టు పనిచేయదు గానీ దాని తలుపు మీద ఎగిరే బస్సు బొమ్మ అతికించారు. లోపల ఫ్యాను కిర్రుకిర్రుమంటుంటే, దాని కింద కూర్చుని ఒక కమిటీ రోబో గుమాస్తాకు టీ విరామం ఎన్ని నిమిషాలివ్వాలో తేలుస్తోంది. ఇప్పటికి పద్నాలుగుసార్లు సమావేశమైంది. మనుషులైన గుమాస్తాల ఖాళీలు తొమ్మిది అలాగే ఉన్నాయంటారా? అబ్బబ్బ, మీకెప్పుడూ ఇవాళ్టి గొడవే!

ఇంత చక్కని ఆఫీసు మీదికి ఒక వెల్డరు వచ్చి పడ్డాడు.

గేట్లు, గ్రిల్లులు చేసుకునే మనిషి. అతని భార్య సిటీ బస్సులో కండక్టరు. డ్రైవరు సడన్ బ్రేకు వేసినప్పుడు ఫుట్‌బోర్డు మీంచి పడి ఆవిడకు తుంటి విరిగింది. ఆపరేషనైంది, ఎముక అతుక్కుంది, కుడికాలు మాత్రం మాట వినడం మానేసింది. "వారానికి మూడుసార్లు తీసుకురండి. ఏం చేసినా ఈ ఆరునెలల్లోనే. తర్వాత ఈ కాలు దారికొస్తుందని నేను చెప్పలేను" అని ప్రభుత్వ ఫిజియోథెరపీ కేంద్రంలో డాక్టరమ్మ ఉన్నదున్నట్టు చెప్పేసింది.

ఆ కేంద్రానికి మూడంటే మూడే మెట్లు. చక్రాల కుర్చీని వాటి మీద లాగితే కుదుపు తగులుతుంది, కుదుపు పనికిరాదన్నారు. దాంతో వెల్డరు భార్యను రెండు చేతుల మీదా ఎత్తుకుని ఎక్కించేవాడు. నలుగురూ చూస్తున్నారని అతను సిగ్గుపడుతుంటే, ఆవిడ "రైట్ రైట్! పోనీ!" అని కండక్టరు కేక వేసి నవ్వించేది. ఐదోవారం అతని నడుం పట్టేసింది. ఒకరోజు దారినపోయేవాళ్ళెవరో సాయం పట్టారు. తర్వాత రెండు రోజులు ఎవరూ దొరకలేదు. మెట్ల కింద గంటసేపు కూర్చుని, వచ్చిన దారినే ఇంటికి పోయారు.

వెల్డరు మెట్లకు టేపు పెట్టాడు. ఒక్కోటి ఆరంగుళాలు, మొత్తం అడుగున్నర. అడుగెత్తుకు పన్నెండడుగుల వాలు చొప్పున పద్దెనిమిది అడుగుల ర్యాంపు కావాలి. షెడ్డులో యాంగిల్స్ ఉన్నాయి, గళ్ళ రేకు ఉంది. రెండు ముక్కలు చేసి బోల్టులు బిగిస్తే ఒక్కరోజు పని. నా ఇనుముతో నేనే చేసుకుంటాను, పెట్టుకోనిస్తే చాలు అన్నాడు.

ఎంత దూకుడో చూశారా! ప్రభుత్వ భవనానికి కొత్తగా ఏది తగిలించాలన్నా భవిష్యత్ విభాగం అనుమతి ఉండాలి కదా! దరఖాస్తు పెట్టాడు. మూడు వారాలకు జవాబొచ్చింది: "మీరు కోరిన పని వెంటనే చేయుటకు వీలైనది. కావున మా పరిధిలోకి రాదు." పదిహేనేళ్ళలోపు పూర్తయ్యే పనిని ఆ విభాగం ముట్టుకోదట. మరి వెంటనే చేసే పనులు చూసే విభాగమేదీ అంటారేమో. దాన్ని ఎత్తేసే కదండీ దీన్ని పెట్టింది!

కౌంటర్లో రిటైర్మెంటుకు దగ్గరపడ్డ పెద్దావిడ ఒకరు కూర్చుంటారు. ఆవిడ అతని కాగితం అటూ ఇటూ తిప్పి నిట్టూర్చింది.

"నాయనా, ఇందులో ఒక పెద్ద తప్పుంది."

"ఏంటమ్మా? కొలత తేడా వచ్చిందా?"

"కొలత కాదయ్యా. చదవగానే అర్థమైపోతోంది. ఇలా రాస్తే ఇక్కడెవరు పట్టించుకుంటారు చెప్పు?"

ఆవిడే తెల్లకాగితం తీసి, ర్యాంపు అన్న మాట కొట్టేసి, "విద్యుత్ రహిత వాలుతల చక్రగమన వ్యవస్థ: ఒక దీర్ఘకాలిక దృక్పథం" అని రాసిచ్చింది. పూర్తయ్యే గడువు దగ్గర ముప్ఫై ఏళ్ళు అని వేసింది. నాలుగో రోజుకల్లా వెల్డరును సమావేశానికి పిలిచారు! పనులు జరగవని నిందలు వేసేవాళ్ళు ఈ నాలుగురోజులనూ కాస్త లెక్కలోకి తీసుకోవాలి.

సమావేశంలో డైరెక్టరు గారు ముందుకు వంగి కూర్చున్నారు.

"దీనికి సాఫ్ట్‌వేర్ ఏం వాడుతున్నారు?"

"ఏం లేదు సార్."

"సెన్సార్లు?"

"లేవు సార్."

"మరి కుర్చీ పైకెలా వెళ్తుంది?"

"తోస్తే వెళ్తుందండి."

ఒక అధికారి "తోస్తే" అని పసుపుపచ్చ చీటీ మీద రాసుకుని గోడకు అంటించాడు. ఇంత సరళమైన ఆలోచన సాధించడానికి ముప్ఫై ఏళ్ళు సరిపోతాయా అని ఇంకొకాయన సందేహం వెలిబుచ్చాడు. చివరికి ప్రదర్శనలో పెట్టడానికి ఒక నమూనా చేసి తెమ్మన్నారు.

ఎంత సైజులో అన్నది ఎవరూ చెప్పలేదు. వెల్డరు పద్దెనిమిది అడుగుల నమూనా చేశాడు! ప్రదర్శనకు ముందు దాన్ని ఎక్కడైనా పరీక్షించాలని పెద్దావిడ ఫైల్లో ఒక వాక్యం ఇరికించి, స్టాంపు కొట్టించింది. ఫిజియోథెరపీ కేంద్రం మెట్ల మీద పరీక్ష మొదలైంది.

ఇప్పుడెవరూ ఎత్తక్కర్లేదు, ఎవరి కోసమూ ఎదురుచూడక్కర్లేదు. ఆవిడే రెండు చేతులతో చక్రాలు తిప్పుకుంటూ ఎక్కేది. వెనకాల వచ్చే ముసలివాళ్ళను "ముందుకు జరగండమ్మా, ముందుకు జరగండి" అని తొందరపెట్టేది. ర్యాంపు పెట్టిన ఐదో వారంలో ఒకరోజు బల్ల మీద పడుకున్నదల్లా పెద్దగా అరిచింది.

"ఏవయ్యా! కదిలింది! బొటనవేలు... నాదే, చూడు!"

వెల్డరు చూశాడు. మళ్ళీ కదిలింది.

"అద్దాలు పెట్టుకోకుండా వెల్డింగు చేశావా ఏంటి, కళ్ళు కారుతున్నాయి?" అంది ఆవిడ. ఆవిడ కళ్ళూ కారుతూనే ఉన్నాయి.

డాక్టరమ్మ కూడా సంతోషపడింది. ఇంకా తొమ్మిది వారాలుంది, ఒక్కరోజు కూడా మానకపోతే కర్ర పట్టుకుని నడిపించేస్తానంది. వాళ్ళ ఆశలన్నీ ఇప్పుడు ఆ తొమ్మిది వారాల మీదే ఉన్నాయి.

మర్నాడే డైరెక్టరు గారు ఫొటోగ్రాఫరును వెంటబెట్టుకుని నమూనా చూడ్డానికి వచ్చారు. అప్పుడే ఎవరో తాతగారు దాని మీద దర్జాగా ఎక్కుతున్నారు. డైరెక్టరు గారు గబుక్కున కెమెరాకు చెయ్యి అడ్డం పెట్టారు.

"ఇదేంటయ్యా, పనిచేస్తోంది!"

"అవును సార్, ఐదు వారాల్నుంచీ."

"ఎవడు చెయ్యమన్నాడు? ముప్ఫై ఏళ్ళ తర్వాత రావాల్సింది ఇప్పుడే వచ్చేస్తే, అప్పటి జనానికి మేమేం చూపించాలి?"

ఆయన బాధ ఆయనది! రాబోయే తరాల నోటి దగ్గర కూడు లాక్కుని ఒక కండక్టరు కాలికి పెడతామంటే ఏ బాధ్యతగల అధికారి ఊరుకుంటాడు?

సాయంత్రానికి లారీ వచ్చింది. బోల్టులు విప్పుతుంటే వెల్డరు అడ్డం నిలబడ్డాడు. "సార్, తొమ్మిది వారాలు ఉంచండి సార్. తర్వాత నేనే మోసుకొచ్చి మీ ఆఫీసులో పెడతాను" అని చేతులు పట్టుకున్నాడు. ఒక్కరి కోసం భవిష్యత్తు ఆగదన్నారు. పోనీ ఇంకోటి చేసుకుంటానన్నాడు. నమూనాకు నకలు తీయరాదని కేంద్రం గోడకు నోటీసు అంటించారు. మర్నాటి నుంచి వాచ్‌మన్ మెట్ల మీద కుర్చీ వేసుకుని మరీ కూర్చున్నాడు. వెల్డరు ఒకసారి మొండికెత్తి భార్యను ఎత్తబోయి, రెండో మెట్టు మీద నడుం పట్టేసి, ఆవిడను పడెయ్యకుండా ఎలాగో కింద కూలబడ్డాడు. ఆవిడ ఇక వద్దంది.

ఆరునెలలు అయిపోయిన వారానికి వాళ్ళకు బంగారు అంచు ఆహ్వానం వచ్చింది. ప్రదర్శన ప్రారంభోత్సవానికి "ఆవిష్కర్త దంపతులు" తప్పక రావాలి. వెల్డరు దాన్ని చింపబోతే ఆవిడ లాక్కుంది. "పోదాం పద. మన ర్యాంపేగా, దాని మీద నాకేం కోపం?" అంది.

హాలు మధ్యలో ర్యాంపు పెట్టి, ఎర్ర తివాచీ పరిచి, చుట్టూ నీలం లైట్లు వేశారు. పైన చిన్న వేదిక, అక్కడ నిలబడి ఫొటో దిగొచ్చు. పక్కన బోర్డు: "ముప్ఫై ఏళ్ళ తర్వాత మన జీవితం." ఆవిడ చక్రాలు తిప్పుకుంటూ పైకెక్కింది. అందరూ చప్పట్లు కొట్టారు. కుడికాలు కుర్చీ పలక మీద ఎలా పెట్టిందో అలాగే ఉంది.

ఇక్కడ నేనొక మాట ఒప్పుకోవాలి. పాత విభాగం ఉన్న రోజుల్లో అక్కడ అందరూ ఫైళ్ళ మీద తలపెట్టి నిద్రపోయేవారు. మనం తెగ తిట్టుకున్నాం. వాళ్ళే ఉండుంటే ఆ ర్యాంపును ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో ఎవడికీ పట్టేది కాదు. అది అక్కడే పడి ఉండేది, ఆవిడ ఈపాటికి బస్సులో టికెట్లు కొడుతూ ఉండేది. నా ఏడుపంతా అదే. నిద్రపోయే ప్రభుత్వాన్ని మేలుకొలపమన్నది మనమే.

డైరెక్టరు గారు సందర్శకుల పుస్తకం, పెన్నూ తెచ్చి స్వయంగా ఆవిడ ఒళ్ళో పెట్టారు. నాలుగు మంచి ముక్కలు రాయమన్నారు. ఆవిడ పెన్ను అందుకుని గుండ్రటి అక్షరాలతో రాసింది:

"చాలా బాగుంది. పొరపాటు నాదే. ముప్ఫై ఏళ్ళు ముందుగా పడ్డాను."