గూడ్రున్ కేకు తేవలసిరాని సోమవారము

ఉత్తరసాగరశీతలపవనకంపితంబగు ఆర్హుస్ నగరంబున, సూర్యుడు వచ్చినట్టే వచ్చి వెళ్లిపోవు నవంబరు మాసంబున, ఒక శుక్రవారము, పురగ్రంథాలయ కార్యాలయమునందు ఘోరసంగ్రామము సంభవించెను. చెవియొగ్గి వినుడు.

ఆ గ్రంథాలయపు డేటాబేసును ఏలునది గూడ్రున్ క్యెల్సన్. సంకేతపదసంరక్షణధురంధర, మందగమనమర్దిని, కొలువులో చేరిన నాటినుండి ఒక్కమారైనను కేకు తేని ధీర. ఏలయన అచ్చట నొక కఠోరశాసనము కలదు. తెరకు తాళము వేయక కుర్చీ విడిచిన వారి కంప్యూటరునుండి, వారి పేరిటనే, "కేకు నేను తెస్తాను" అని ఎవరైనను అందఱికిని జాబు పంపవచ్చును. జాబు వెళ్లినచో తేక తప్పదు. నాబోటి అల్పులెందరో తెచ్చియున్నారు.

ఆనాడు ఏ పుస్తకము వెదకినను, కాఫీ చల్లాఱువఱకు జవాబు రాదాయెను. కౌంటరులయొద్ద ముసలమ్మలు నిట్టూర్చుచుండిరి. గూడ్రున్ కనుబొమలు ముడివైచి, సంకేతపదముతో మొదటి ద్వారమును, ఫోనునకు వచ్చిన అంకెలతో రెండవ ద్వారమును దాటి, ఒక్క రచయిత పేరునకై లక్షల వరుసలను మొదటినుండి తుదివఱకు తడవుచున్న ఆ మూఢయంత్రమును కాంచి, మండిపడి, రచయితల పేర్లకు సూచిక నొకదానిని నిర్మించి, ఆ జాడ్యమును రెప్పపాటున హరించెను.

ఎదుటిబల్ల వాడు, కేకులోలుడు, చిరకాలవైరి యగు ప్రేబెన్ లేచి మెచ్చుకొనెను. "సాధించావు గూడ్రున్. కాఫీ తాజాగా పెట్టాను, పోయి తాగు."

విజయగర్వంబున నడవలో సగము దూర మేగినంతనే ఆమె తటాలున ఆగెను. తెర తెఱచియే యున్నది! ప్రేబెన్ తనంతట తాను కాఫీ పెట్టుట ఏనాడైనను కలదా? అడ్డుపడ్డ కుర్చీలను దాటుచు ఆమె వెనుకకు పరుగిడెను. అప్పటికే ప్రేబెన్ ఆమె కుర్చీలో కూర్చుండి, రెండు వ్రేళ్లతో, "సోమవారం కేకు నే" వఱకు కొట్టియుండెను.

"ఆగు తల్లీ, ఇంకాస్తే ఉంది," అని బతిమాలెను. "నీ కేకు తినకుండానే రిటైరైపోతానేమోనని బెంగగా ఉంది."

"ఒక్కో అక్షరం అలా వెతుక్కుంటావేంటి? నీకూ ఒక సూచిక కట్టాలి," అనుచు గూడ్రున్ అతని భుజముపైనుండి చేయి చాచి తాళపుమీటలు నొక్కెను. తెర నల్లబడెను.

అంతట ఆ వీరనారి మెల్లగా నడిచి, ఆత్రమున అతడు తెఱచి విడిచివచ్చిన కంప్యూటరు ముందట ఆసీనయై, పది వ్రేళ్లతో ఒక జాబు వ్రాసి పంపెను.

"గూడ్రున్, ఏం పంపావు?"

"రెండు రకాలు తెస్తున్నావు. ఒకటి బాదంముద్దతో చేసే మార్సిపాన్‌ది."

దిక్కులారా, వినుడు! సోమవారము ప్రొద్దున గూడ్రున్ క్యెల్సన్ ఒట్టి చేతులూపుకొనుచు కొలువునకు వచ్చి, మార్సిపాన్ కేకులో అన్నిటికన్న పెద్ద ముక్క కోసుకొనెను.