బొట్టు పెట్టిన రాళ్ళు

పెళ్ళయిన ఇరవయ్యో రోజు, ఆదివారం, తెల్లవారకముందే నీలిమా కార్తీకూ విశాఖ సీతమ్మధారలో బస్సెక్కారు. పద్మనాభం దాటాక కొండల్లో, దారన్నదే లేని చోట నడవడం కార్తీక్ సరదా. పన్నెండింటి పల్లెవెలుగులో తిరిగొచ్చేస్తే, సాయంత్రం రాజమండ్రి నుంచి అత్తగారు మొదటిసారి దిగేసరికి కొత్త కోడలి వంట సిద్ధంగా ఉంటుంది. ఆ బస్సు తప్పితే మళ్ళీ అయిదింటికే.

తుప్పల్ని చేత్తో తోసుకుంటూ మొగుడు ముందు నడుస్తుంటే నీలిమకు కళ్ళు చాలలేదు. స్టీల్ ప్లాంటులో కొలిమి దగ్గర పనిచేసే మనిషికి ఈ బండలెక్కడం ఎవరు నేర్పారో! పైనుంచి చూస్తే సముద్రం నీలం అంచులా ఉంది.

"తిరిగి దిగడం ఎలాగండీ?"

"గుర్తులు పెడదాం. నీ సంచిలో రంగేమైనా ఉందా?"

కొత్త పెళ్ళికూతురి సంచిలో కుంకుమ భరిణె ఉంది. యాభై అడుగులకో రాయి, రాయికో బొట్టు. ఆ తెలివికి నీలిమ మురిసిపోయింది.

పదకొండుకి వెనుదిరిగారు. మొదటి రాయి మీద బొట్టు అలాగే ఉంది. రెండోదాని మీద బొట్టుతోపాటు మందారం కూడా ఉంది.

"ఎవరికో నచ్చినట్టుంది," అన్నాడు కార్తీక్.

మూడో రాయి నిండా పసుపు. ఆ తర్వాత చుట్టూ ఉన్న పదిహేను రాళ్ళకూ పసుపూ బొట్లూ. తమ రాయేదో పెట్టినవాళ్ళకే తెలియలేదు. అరగంట వాటి మధ్యే తిరిగి, చివరికి డప్పు వినిపించిన వైపు దిగారు. అక్కడ ఒక బండ ముందు ఊరంతా చేరి ఉంది. జోగమ్మ అనే పెద్దావిడ నీలిమ మెళ్ళో పసుపుతాడు చూసి చెయ్యి పట్టుకుంది.

"కొత్త జంటేటి? అమ్మోరు ఇయ్యాలే ఎలిసినాది. తొలి టెంకాయ మీరే కొట్టాల."

కార్తీక్ గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, ఆ బొట్లు పెట్టింది మేమే. దారి కోసం."

డప్పు ఆగిపోయింది. ఇంతమందిలో నిజం ఒప్పుకున్న మొగుణ్ణి చూసి, తన్నులు ఖాయమనుకుంటూనే, నీలిమ ఇంకోసారి మురిసింది.

"మాకు తెల్దేటి నాయనా?" అంది జోగమ్మ. "అమ్మోరు తన బొట్టు తానెట్టుకుంటాదేటి? ఎవులో ఒకలు ఎట్టాల. ఈపాలి మీరెట్టినారు."

డప్పు మళ్ళీ మొదలైంది. నీలిమ వాచీ చూసుకుంది. పన్నెండూ పది.

"బస్సెళ్ళిపోయుంటుందండీ. అత్తయ్యగారికి ఏమని చెప్తాం?"

"కంగారు పడకమ్మా, ముందు టెంకాయ కొట్టు," అంది వెనక నుంచి ఒక మగ గొంతు.

నీలిమ తిరిగి చూసింది. ఖాకీ బట్టల్లో డ్రైవరు, కండక్టరు, ముప్పైమంది ప్రయాణికులు. పన్నెండింటి బస్సు మొత్తం, టిక్కెట్లతో సహా, ఆమె వెనకే వరుసలో ఉంది.