పక్క బస్తా ధర

ఆ రోజు పొద్దున శివశంకర్ ఇంట్లో చెప్పిన అబద్ధం చాలా చిన్నది. కొడంగల్‌లో ఎవరి గోదాములోనో పాత కందులున్నాయట, ఒకసారి చూసి వస్తానన్నాడు. తాండూరు మార్కెట్లో కందుల వ్యాపారం చేసే మనిషి కందులు చూడటానికి పోతానంటే ఎవరు మాత్రం అనుమానిస్తారు?

"ఇయ్యాల్నే పోవాల్నా? బిడ్డకు వికారాబాద్‌ల సెలెక్షన్ ఉన్నది. తండ్రి ఎంబడుంటే జర ధైర్యముంటది కదా" అంది భార్య స్నేహలత.

"నువ్వు పోతున్నవు కదా. నాకు నాటకాల సంగతి ఏమెర్క?" అంటూ చెప్పులేసుకున్నాడు.

కూతురు నిఖిల తల వంచుకుని ఉప్మా కెలుకుతూ కూర్చుంది. ఇంటర్ మంచి మార్కులతో పాసైంది. వికారాబాద్‌లో ఒక ప్రైవేటు కాలేజీవాళ్ళు నిరుడు కొత్తగా పెట్టిన నాటక కళల డిగ్రీలో చేరతానని నెల కిందట తండ్రిని అడిగింది. ఆయన ఔననలేదు, కాదనలేదు. ఈరోజు స్టేజి మీద చేసి చూపించాలి. సీటొస్తే తల్లిదండ్రుల్లో ఒకరు అక్కడికక్కడే సంతకం పెట్టాలి. పెట్టకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. తండ్రి కాదంటే తల్లి పెట్టదని నిఖిలకు గట్టి నమ్మకం. ఆ ఇంట్లో ఇంతవరకూ అలా జరగలేదు మరి.

నిజానికి శివశంకర్ పోతున్నది వికారాబాద్‌కే. వాళ్ళకంటే ముందు రైలుకు వెళ్ళి, ఆ కాలేజీ ఎలాంటిదో తన పద్ధతిలో తాను చూసుకుందామని. ఆ పద్ధతి గురించి కొంచెం చెప్పాలి. మార్కెట్లో కొనదలచుకున్న బస్తా వంక చూడకూడదు. పక్క బస్తా ధర అడగాలి. దాంట్లో చెయ్యి పెట్టాలి, నాలుగు గింజలు కొరకాలి, పుచ్చులున్నాయని పెదవి విరవాలి. ఈలోగా కంటి కొసతో తనకు కావలసిన బస్తా చూసుకోవాలి. మనకేం కావాలో ఎదుటివాడికి తెలిస్తే బేరం చెడినట్టే. శివశంకర్ కందులు ఇలాగే కొన్నాడు, ఇల్లు ఇలాగే కొన్నాడు. పెళ్ళిచూపుల్లో కూడా తన మొహం చూడకుండా కాబోయే మామగారితో గంటసేపు బావి మోటారు గురించి మాట్లాడాడని స్నేహలత ఇప్పటికీ చెప్పుకుంటుంది.

బేరానికి పోయేటప్పుడు పక్కన ఔనౌననే మనిషి ఒకడు ఉండాలి. అందుకు ముర్తుజాను వెంటబెట్టుకున్నాడు. ముర్తుజాకు తాండూరులో బండలు పాలిష్ చేసే మిషను ఉంది. చిన్నప్పటి దోస్తు.

"సొంత బిడ్డ కాలేజీకి దొంగలెక్క పోవుడేంది శంకర్ భాయ్?" అన్నాడు రైల్లో.

"తండ్రిననంటే అన్నీ మంచిగనే చూపెడ్తరు. ఎవ్వరో అనుకుంటె అసలు సరుకు కనబడ్తది. నువ్వు ఫికర్ చెయ్యకు. నేనేదంటే గది ఔననుడే నీ పని."

"గంతే కదా" అన్నాడు ముర్తుజా ధీమాగా.

అనంతగిరి పోయే దారిలో ఉంది కాలేజీ. వరండాలో టేబులు వేసుకుని ఒక అమ్మాయి కూర్చుంది. ఏం పని మీద వచ్చారని అడిగింది. శివశంకర్ గోడ వంక చూశాడు. అక్కడ రెండు ప్రకటనలున్నాయి. ఒకటి డిగ్రీది. దాని పక్కన పెద్దవాళ్ళకు సాయంత్రం నటన క్లాసులు, వయసుతో పనిలేదు అని ఇంకొకటి. ఆయనకు ప్రాణం లేచి వచ్చింది. పక్క బస్తా!

"గా పెద్దోళ్ళ క్లాసు సంగతి జర చెప్పుండ్రి."

"ఎవరికండీ?"

"నాకే."

"మీ పేరు?"

"మొగులప్ప" అన్నాడు. అది ఆయన దుకాణంలో హమాలీల మేస్త్రీ పేరు. నోటికి ముందుగా అదే వచ్చింది.

ముర్తుజా ఊరుకుంటే సరిపోయేది. తన డ్యూటీ యాదికొచ్చింది. "యాలాల్ సైడు మస్తు ఫేమస్ మేడం గీ సాబు. ఎన్ని నాటకాలేసిండో ఆయనకే యాదిలేదు" అన్నాడు. ఆ అమ్మాయి గౌరవంగా లేచి నిలబడి, పెద్దవాళ్ళ సెలెక్షన్ కూడా ఈరోజే, కూర్చోండి అంది.

కూర్చుంటే కాలేజీ చూసేదెలా? శివశంకర్ గోదాము చూసినట్టు అంతా తిరిగాడు. గోడలు తట్టాడు, కప్పు కురుస్తుందేమోనని చెమ్మ వెతికాడు, ఆడపిల్లల వైపు నల్లా వస్తుందా అని కనుక్కున్నాడు, చీకటి పడకముందే పిల్లలు స్టేషన్‌కు చేరతారా అని వాచ్‌మన్‌ను అడిగాడు. అన్నీ బాగానే ఉన్నాయి. బాగున్నాయి కాబట్టి ఇక వంకలు పెట్టాలి. హాల్లోకి వెళ్ళి స్టేజి ఎక్కి కాలితో రాసి చూశాడు.

"గిదేం స్టేజి? మా గోదాముల నేలనే గింతకన్న నున్నగుంటది."

"ఔను, అచ్చం గోదామే" అన్నాడు ముర్తుజా. తర్వాత మనసు నొచ్చుకుని, "బండలు మంచియే. పాలిషే సక్కగ లేదు" అన్నాడు.

వచ్చినవాళ్ళ పేర్ల జాబితా పట్టుకుని వెనక నిలబడి ఇదంతా వింటున్నావిడ పేరు మనోరమ. నాటక విభాగానికి ఆవిడే పెద్ద. కోప్పడుతుందేమో అనుకుంటే ముఖమంతా నవ్వుతో ముందుకొచ్చింది. "ఈ నేల సంగతి నేను నిరుటి నుంచి చెబుతున్నా, యాజమాన్యం వినిపించుకోదు. ఎక్కగానే కాళ్ళ కింద నేల చూశారంటే మీరు స్టేజి తెలిసిన మనిషి. మొగులప్పగారూ, ముందు సెలెక్షన్ మీదే."

శివశంకర్ కాదనబోయాడు. అంతలో హాలు తలుపు దగ్గర స్నేహలత గొంతు వినబడింది. నిఖిల వెనకే ఉంది. ఆయన చటుక్కున తెర వెనక్కి దూరాడు. ముర్తుజా మొహం మీద దస్తీ కప్పుకుని చివరి వరసలో నిద్ర నటించాడు. ఆ రోజు హాల్లో జరిగిన మొదటి నటన అదే.

మొగులప్ప తెర వెనక సిద్ధమవుతున్నాడని మనోరమ అనుకుంది. తెర లాగించింది. స్టేజి నడుమ శివశంకర్ ఒక్కడే తేలాడు.

"మొగులప్పగారూ, సందర్భం చెబుతున్నా" అంది మనోరమ. "మీ అమ్మాయి నాటకాల చదువు చదువుతానంటోంది. మీకు ఇష్టం లేదు. కూతురు వేషానికి డిగ్రీకి వచ్చిన పిల్లల్లోంచి ఒకరిని ఇస్తాను. జాబితాలో మొదటి పేరు నిఖిల. నువ్వు రామ్మా. నీ పరీక్ష కూడా ఇదే."

స్నేహలత చేతిలో నీళ్ళ సీసా జారి దొర్లుకుంటూ పోయింది. నిఖిల మెట్లెక్కి, మొగులప్పగారిని చూసి కొయ్యబారింది. నిజం చెబితే దొంగపేరుతో దూరిన మనిషి కూతురని గెంటేస్తారేమో. చెప్పకపోతే ఈయనతోనే నటించాలి. అడుగు ముందుకేసింది.

"నాన్నా, కొడంగల్ పోలేదా?"

మనోరమ ముగ్ధురాలైపోయింది. ఏమీ చెప్పకుండానే పాత్రకు ఒక ఊరు, ఒక పని అల్లేసింది ఈ పిల్ల!

"బస్సు... బస్సు దొరకలే" అన్నాడు శివశంకర్.

"అబద్ధం."

హాలంతా గొల్లుమంది. నిఖిల నవ్వలేదు. "నెలయింది నాన్నా నేనడిగి. ఔనంటలేవు, కాదంటలేవు. రాత్రిపూట నిద్ర పడ్తలేదు నాకు."

"ఏం చెప్పాలె బిడ్డా? టీచరైతే బడికి పోతవు, డాక్టరైతే దవాఖానకు పోతవు. నాటకమైతే ఏడికి పోతవు? గా లోకమే నాకెర్కలేదు. ఎర్కలేని సరుకు నేనెన్నడు కొనలే."

"నేను సరుకునా?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. నిఖిల ఆగలేదు. "నేను స్టేజి మీద చెయ్యంగ ఎన్నడన్న చూసినవా నాన్నా? ఒక్కసారన్న?"

"మీ స్కూలు ఫంక్షన్లన్ని కందుల సీజన్లనే పెడ్తరు! నేనేం చెయ్యాలె?"

అంతే, హాల్లోంచి స్నేహలత లేచింది. "సీజన్ లేనప్పుడు పెడితే వచ్చిన్రా? పోయిన ఉగాదికి చేసింది. మార్కెట్ బంద్ ఉండె. ఇంట్ల పండుకున్నరు!"

"మీరెవరండీ?" అంది మనోరమ.

"తల్లిని!"

"తల్లి పాత్రా! అక్కడే నిలబడ్డారేం, పైకి రండి!"

స్నేహలత నిజంగానే పైకి వెళ్ళింది. వ్యవహారం చెయ్యి దాటుతోందని ముర్తుజా దస్తీ తీసి, "వదినా, జర ఠండగుండుండ్రి" అంటూ లేచాడు. పక్కింటి మనిషి కూడా దొరికాడని మనోరమ ఆయన్నీ ఎక్కించింది.

నలుగురూ ఒక్కచోట చేరేసరికి శివశంకర్‌కు తప్పించుకునే దారి లేకుండా పోయింది. ఇరవై ఏళ్ళుగా ఏది కావాలో పైకి చెప్పకుండా బతికిన మనిషి, ముక్కూ మొహం తెలియని జనం ముందు ఉన్నదంతా కక్కేశాడు.

"నాకు భయమైతది బిడ్డా. నువ్వు మంచిగ చెయ్యకపోతే నలుగురు నవ్వుతరని భయం. మంచిగ చేస్తే ఇగ ఇంటికి రావేమోనని భయం. రెండు దిక్కుల భయముంటే ఔనని ఎట్లంట?"

అని భోరున ఏడ్చాడు. నిఖిల ఆయన చెయ్యి పట్టుకుంది. తండ్రి ఏడవగా చూడటం ఆ పిల్లకు అదే మొదలు. "వికారాబాదే కదా నాన్నా. రోజు సాయంత్రం రైలుకొస్త" అంది, కళ్ళు తుడుచుకుంటూ. హాలు చప్పట్లతో నిండిపోయింది.

మనోరమ లేచింది. "నిఖిలా, సీటు నీదే. ఎదుటివాళ్ళు ఏమన్నా తడబడకుండా నిలబడ్డావు." తర్వాత గొంతు తగ్గించింది. "మొగులప్పగారూ, ఏమీ అనుకోకండి. గొంతు బాగుంది, ధైర్యం ఉంది. కాని తండ్రిలా లేరు. ఏ తండ్రీ పదిమందిలో అలా ఏడవడు. సహజత్వం తక్కువ. ఆడపిల్ల ఉన్న మనిషినెవరినైనా కొన్నాళ్ళు దగ్గర్నుంచి గమనించండి."

అందరి సరుకుకూ వంకలు పెట్టిన శివశంకర్ సరుకుకు ఇంతవరకూ ఎవరూ వంక పెట్టలేదు. ఒళ్ళు మండిపోయింది.

"నేను దీని తండ్రినే! అసలు తండ్రిని! కన్న తండ్రిని!"

"అదీ! అదే కావాలి!" అని మనోరమ చప్పట్లు కొట్టింది. "ఇందాకంతా ఎక్కడ దాచారండీ దాన్ని?"

"నా పేరు మొగులప్ప కాదు. శివశంకర్."

"చాలు, చాలు. ఇక పాత్రలోంచి బయటికి రండి."

వరండాలో టేబులు దగ్గర శివశంకర్ జేబులోంచి పెన్ను తీశాడు. సంతకం పెట్టాలని ఆయన జీవితంలో ఎప్పుడూ ఇంత మనసుపడలేదు. టేబులు అమ్మాయి కాగితం వెనక్కి లాక్కుంది. "మీరు కాదండీ మొగులప్పగారూ. పాప వాళ్ళ అమ్మో నాన్నో పెట్టాలి."

"మా నాన్ననే మేడం" అంది నిఖిల. మనోరమ ఆ పిల్ల భుజం తట్టి, మంచి నటి పాత్రను అంత తొందరగా వదలదని మెచ్చుకుంది. ఆధార్ చూపిద్దామంటే, పేరు బయటపడుతుందని శివశంకర్ దాన్ని పొద్దున జాగ్రత్తగా బీరువాలో పెట్టి వచ్చాడు.

"ముర్తుజా, నేనెవరో నువ్వు చెప్పు!"

పొద్దుటి నుంచీ ఔనంటున్న ముర్తుజాకు ఇప్పుడు దేనికి ఔననాలో తెలియలేదు. "మొగులప్ప సాబే... అంటే శివశంకర్ భాయ్... రెండు ఔను" అన్నాడు.

ఈ గొడవలో స్నేహలత సంచీలోంచి తన ఆధార్ తీసి టేబులు మీద పెట్టింది. కూతురి వంక ఒకసారి చూసింది. పెన్ను భర్త చేతిలోంచే తీసుకుని సంతకం పెట్టేసింది. ఇంట్లో నెలరోజులుగా ఎవరి మాట కోసం ఎదురుచూశారో, ఆ మాట ఎవరూ అడగకుండానే పని అయిపోయింది. నిఖిల తల్లిని వాటేసుకుని, ఆ తర్వాత తండ్రిని కూడా వాటేసుకుంది.

సంతకం అయ్యాక స్నేహలత తాపీగా ఫోన్లో ముగ్గురూ కలిసి దిగిన ఫోటో తీసి మనోరమకు చూపించింది. అది ఇందాకే చూపించొచ్చు కదా అని శివశంకర్ అనబోయి, భార్య మొహం చూసి మానుకున్నాడు.

మనోరమ ఫోటోను, శివశంకర్‌ను మార్చి మార్చి చూసి, నవ్వి నవ్వి కూలబడింది. "నిజంగా తండ్రేనా! అయినా సరే, సహజత్వం తక్కువేనండీ. నేర్చుకుంటే వస్తుంది. సాయంత్రం క్లాసుకు తీసుకుంటాం. పొద్దుపోయి ఇల్లు చేరతారు కాబట్టి ఇంట్లోవాళ్ళు ఒప్పుకోవాలి, అంతే."

శివశంకర్ మొహం వెలిగింది. పెద్దగా ఏమీ పట్టనట్టు వరండా కప్పు చూస్తూ నిలబడ్డాడు. ఆయనకు ఎంత కావాలని ఉందో స్నేహలతకు అర్థమైపోయింది.

"ఇంట్ల మాట్లాడుకొని చెప్తం మేడం" అంది స్నేహలత.

ఏ నంబరుకు ఫోన్ చేయమంటారని మనోరమ అడిగితే, తన నంబరే ఇచ్చింది.