పట్టపగలు వెలిగిన సమాధి దీపం

ఆ పొద్దు ఇస్రాయేలు అనుకున్న పని చిన్నదే. సమాధుల తోటకు పోయి భార్య బిక్షమ్మ సమాధి కడగాలి. ఇంటికి వచ్చి తలకు నూనె రాసుకోవాలి. నందికొండ నుంచి వచ్చే చుట్టాలకు చాయ పెట్టాలి. చుట్టాలంటే జానమ్మ, ఆమె తమ్ముడు విజేందర్.

జానమ్మ భర్త పోయి చాలా ఏండ్లయింది. బిక్షమ్మ పోయాక ఇస్రాయేలు ఇంట్లో కూడా మనిషి మాట వినపడటం లేదు. ఒక్కగానొక్క బిడ్డ గ్లోరీ కల్వకుర్తిలో కాపురం చేసుకుంటోంది. మొన్నటి ఉపవాస ప్రార్థన కూటాలు ముగిశాక బంతి వడ్డిస్తూ వచ్చిన జానమ్మ ఆయన విస్తరి ముందు ఆగి, "గింతేనా తినేది? ఇంకింత వేసుకో" అన్నది. అంతే. ఆ రోజు నుంచి ఇస్రాయేలుకు తన చేతి వంట సహించలేదు.

ఆ ఊరి క్రైస్తవుల్లో ఒక పద్ధతి ఉంది. రెండో పెండ్లి మాట ఖాయం చేసుకునే ముందు మొదటి ఆమె సమాధి కడిగి, రాబోయే ఆమెను అక్కడికి తీసుకుపోయి చూపించాలి. ఈ మాట బైబిలు వాక్యంలో ఎక్కడ రాసి ఉందని పాస్టరుగారు అడిగినప్పుడు ఎవరూ చెప్పలేకపోయారు. ఎవరూ మానలేదు కూడా.

చెంబు, చీపురు పట్టుకుని గడప దాటబోతుంటే అక్క కృష్ణమ్మ ఎదురొచ్చింది. ఊళ్లో ఏ సంగతైనా ఆమెకు తెలిశాకే జరుగుతుంది.

"తమ్మీ, బిక్షమ్మ సమాధి మీద దీపం వెలుగుతాంది."

వెలిగితే ఏమయిందన్నాడు ఇస్రాయేలు. ఆ దీపం గ్లోరీ తెచ్చి పాతిందే. సమాధుల పండుగ నాడు గాలికి కొవ్వొత్తి నిలవడం లేదని కొన్నది. నెత్తిన చిన్న అద్దం పలక ఉంటుంది. పగలంతా ఎండ తాగి, చీకటి పడగానే తనంతట తానే వెలుగుతుంది.

"రాత్రి ముచ్చట కాదురా నేను చెప్పేది. ఇప్పుడు. పొద్దు బారెడెక్కినంక వెలుగుతాంది."

మేళ్లచెరువులో సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ముకు వేపాకు కూడా తెల్లగానే ఉంటుంది. రాత్రి పడ్డ నాలుగు చినుకులకు ఆ దుమ్ము తడిసి, పొద్దున ఎండకు పెచ్చు కట్టింది. తోటలో సమాధులన్నీ ముసుగు కప్పుకుని పడుకున్నట్టు ఉన్నాయి. పిట్ట కూయడం లేదు. ఆ తెలుపు నడుమ బిక్షమ్మ తలాపున దీపం, నిద్రలేని కన్నులా పసుపుపచ్చగా తెరుచుకుని ఉంది.

ఇస్రాయేలు కాసేపు నిలబడ్డాడు. ఏం చేయాలో తోచక భుజం మీది తువ్వాలతో దీపం నెత్తి తుడిచాడు. దీపం ఆరిపోయింది. ఎవరో ఊది ఆర్పినట్టే ఆరిపోయింది. అరచెయ్యి అడ్డం పెట్టి చూశాడు. వెలిగింది. చెయ్యి తీశాడు. ఆరింది. మళ్ళీ పెట్టాడు.

గోడ అవతల మేకలు కాస్తున్న ఆడవాళ్లు ఇదంతా చూశారు. ఇస్రాయేలు పెండ్లాన్ని చేతి సైగతో ఏదో అడుగుతున్నాడని, ఆమె దీపంతో జవాబు చెబుతోందని వాళ్లకు అర్థమైంది. ఆయన సమాధి కడిగి ఇల్లు చేరేసరికి ఏం అడిగాడో, ఆమె ఏమన్నదో కూడా వాడంతా తెలిసిపోయింది.

"ఒప్పుకుంటలేదు," అని కృష్ణమ్మ తీర్పు చెప్పింది. "ఒప్పుకున్న మనిషి పట్టపగలు కన్ను తెరుస్తదా?"

ఇస్రాయేలు మాటకు మాట చెప్పే మనిషి కాడు. తిరిగి తోటకు పోయి దీపాన్ని మట్టిలోంచి పీకి ఎర్ర గుడ్డసంచిలో వేసుకుని బయలుదేరాడు. జానమ్మ కంట అది పడకపోతే చాలుననుకున్నాడు. దారిలో పాత గోడల నీడలోకి వచ్చాక సంచి లోపల ఎర్రగా ఏదో మినుకుమన్నది. మూతి విప్పి చూశాడు. ఏమీ లేదు. మూతి ముడి వేశాడు. మళ్ళీ మినుకుమన్నది. నిప్పుల కుంపటి మోస్తున్నవాడిలా సంచిని ఒంటికి దూరంగా పట్టుకుని, వాకిళ్లలో నిలబడి చూస్తున్నవాళ్ల ముందు నుంచి ఇల్లు చేరాడు.

ఇంట్లో దాచే జాగా ఒక్కటే. బిక్షమ్మ చీరలు పెట్టుకున్న ఇనుప పెట్టె. దీపాన్ని ఆ చీరల మీద పెట్టి మూత దించాడో లేదో, వాకిట్లో విజేందర్ దగ్గు వినిపించింది.

చుట్టాలు మంచం మీద కూర్చున్నారు. దుమ్ము గాలి లేచిందని కృష్ణమ్మ తలుపు, కిటికీ మూసింది. ఇల్లు మసకబారింది. చాయ గ్లాసులు చేతికిచ్చి, ప్రయాణం ఎట్లా సాగిందని అడుగుతుండగా విజేందర్ కండ్లు మూలకు పోయి అక్కడే నిలిచిపోయాయి. పెట్టె మూత సందులోంచి వెలుగు సన్నని గీతలా కనబడుతోంది.

"పెట్టెల ఏముంది, బావా?"

ఇస్రాయేలు చాయ వైపు చూశాడు. కృష్ణమ్మ ఆపుకోలేకపోయింది.

"మా మరదలు," అన్నది.

అని ఊరుకోకుండా పోయి మూత ఎత్తింది. లోపల చీరలు తప్ప వెలుగు లేదు. మూత దించింది. గీత మళ్ళీ వచ్చింది. ఎత్తితే చీకటి, దించితే వెలుగు. లోపలి మనిషి తొంగిచూస్తూ, ఎవరైనా చూస్తే తప్పుకుంటున్నట్టే ఉంది. ఆఖరిసారి మూత దించేటప్పుడు కృష్ణమ్మ చెయ్యి జారి, పెట్టె పల్లు కొరికినట్టు చప్పుడు చేసింది.

విజేందర్ గ్లాసు కింద పెట్టి లేచాడు. "లే అక్కా. బస్సు దొరుకుతది."

జానమ్మ లేవలేదు. కొంగు భుజం మీదికి లాక్కుని పెట్టె వైపే చూస్తూ కూర్చున్నది. ఆమె లేస్తే ఇక మళ్ళీ రాదని ఇస్రాయేలుకు తెలుసు. ఏనాడూ గట్టిగా నడవని మనిషి వీధి చివర మోటార్లు, మిక్సీలు బాగుచేసే సాల్మన్ కొట్టు దాకా ఉరికాడు.

సాల్మన్ వచ్చి దీపాన్ని వెలుగులోకి తెచ్చి విప్పాడు. పలకకు ఎండ తగిలినంతసేపు కరెంటు పుట్టి సెల్లులోకి పోతుందని, పలక మీద చీకటి పడిందా, సెల్లులోని కరెంటు దీపానికి వస్తుందని చెప్పాడు. పెట్టెలో చీకటి, సంచిలో చీకటి. దుమ్ము పెచ్చు కట్టినా దానికి చీకటే. తర్వాత వేలెడంత సెల్లు బయటికి తీసి చూపించాడు.

"గిది నికెల్ క్యాడ్మియం సెల్లు, కాకా. లోపల రెండు పల్చటి రేకులు, నడుమ తడి గుడ్డ పెట్టి బీడీ చుట్టినట్టు చుడతరు. తడి అంటే మామూలు నీళ్లు కాదు, క్షారం నీళ్లు. ఎండల రేకుల మీది మందు ఒక తీరుగ మారుతది, చీకట్ల మళ్ళ వెనుకటి తీరుకొస్తది. గట్ల వందల సార్లు తిరుగుతది. మామూలు సెల్లు ఒక్కసారి దిగితే ఖతం."

కరెంటు మెల్లగా ఎక్కించాలట. తొందరపడి ఎక్కువ కరెంటు పెడితే వేడెక్కి పాడవుతుందట. ఎప్పుడూ సగం వాడి మళ్ళీ ఎక్కిస్తూ పోతే, కొంత కాలానికి ఆ సగానికే అలవాటు పడి మొరాయిస్తుందట. ఊరికే పక్కన పెట్టినా దిగిపోతుందట. పాడైతే పొయ్యిలో వేయొద్దని, క్యాడ్మియం విషమని కూడా చెప్పాడు. సెల్లు బయట పెట్టి దీపాన్ని పెట్టెలో మూసి చూపించాడు. గీత రాలేదు.

విజేందర్ నవ్వి మళ్ళీ కూర్చున్నాడు. తనకు మొదటి నుంచీ అనుమానమేనని కృష్ణమ్మ అన్నది. ఇస్రాయేలు ఆ రోజు మొదటిసారి ఊపిరి పూర్తిగా పీల్చుకున్నాడు.

అప్పుడు జానమ్మ నోరు విప్పింది.

"అయితే గది అక్క కాదా?"

కాదమ్మా, బ్యాటరీ అన్నాడు సాల్మన్ సంతోషంగా.

"నేను ఇంట్ల కూసోంగనే వెలిగింది. అక్క రమ్మంటాందనుకున్న. అందుకే లేవలేదు." ఆమె చేతిలోని గ్లాసు పక్కన పెట్టింది. "ఇప్పుడు రమ్మన్నోళ్లు ఎవ్వరు? బ్యాటరీ పిలిస్తే నేనొస్తనా?"

అది బిక్షమ్మ కాదని రుజువు చేయడానికి పడ్డ పాటంతా ఇస్రాయేలు మెడకే చుట్టుకుంది. సాల్మన్ తన పనిముట్లు మెల్లగా సర్దుకున్నాడు.

జానమ్మ ఒక దారి చెప్పింది. దీపం ఎక్కడిది అక్కడ పెట్టాలి. తాను సమాధి దగ్గర నిలబడి మనసులో మాట చెప్పుకుంటుంది. బస్సు వేళ లోపల వెలిగితే అక్క రమ్మన్నట్టు.

అందరూ తోటకు నడిచారు. సాల్మన్ సెల్లు తిరిగి వేసి, రాత్రంతా వెలిగి, పెట్టెలోనూ వెలిగి అది దిగిపోయిందని, ఎండ దండిగా ఉంటే తప్ప ఎక్కదని ఇస్రాయేలు చెవిలో చెప్పి వెళ్లిపోయాడు. ఆకాశంలో మబ్బు. ఇస్రాయేలు పసిపిల్ల ముక్కు తుడిచినట్టు అద్దం పలకను తుడుస్తూ కూర్చున్నాడు. దుమ్ము రాలుతూనే ఉంది. ఆయన తుడుస్తూనే ఉన్నాడు. జానమ్మ చేతులు కట్టుకుని, పెదవులు కదిలీ కదలనట్టుగా బిక్షమ్మతో ఏదో మాట్లాడింది. ఏం మాట్లాడిందో కృష్ణమ్మకు కూడా వినపడలేదు.

పొద్దు వాలింది. గోడ దగ్గర చేరిన ఆడవాళ్లు చూసి చూసి మేకలు తోలుకుని వెళ్లిపోయారు. సమాధుల తెలుపు బూడిదరంగయింది. దీపం వెలగలేదు. విజేందర్ రోడ్డు వైపు చూసి, ఇక పోదామన్నాడు. ఇస్రాయేలు తువ్వాల మడిచి భుజం మీద వేసుకున్నాడు. ఆయన ముఖం చూడటం కృష్ణమ్మ వల్ల కూడా కాలేదు.

జానమ్మ వంగి సమాధి మీద చెయ్యి పెట్టింది.

"పండుకున్నది," అన్నది. "ఫికరున్నోళ్లకు నిద్ర పడతదా? మనసుల ఏమన్న ఉంటే ఈపాటికి లేసి కూసుండేది. పండుకున్న మనిషిని లేపి అడుగుడు ఏం పద్ధతి? నడువుండ్రి. పాస్టరుగారికి కబురు చెప్పుండ్రి."

కృష్ణమ్మ కండ్లు తుడుచుకుంది. విజేందర్ ఇస్రాయేలు చెయ్యి పట్టుకుని ఊపి, అక్క వెంట నడిచాడు. ముగ్గురూ గేటు దాటారు. ఇస్రాయేలు వెనక ఉండి గేటు దగ్గరికి వేస్తున్నాడు. అప్పటికి నిండా చీకటి పడింది. గేటు ఊచల మీది తెల్లని దుమ్ము, సమాధుల వైపు నుంచి పడ్డ వెలుగుకు, ఆయన కండ్ల ముందే నెమ్మదిగా పసుపుపచ్చగా మారింది.

ఆయన తల ఎత్తి చూడలేదు.

"ఏం ఆగినవ్?" అని ముందు నుంచి జానమ్మ అడిగింది.

"ఏం లేదు. నడువు, బస్సు పోతది."

అది బ్యాటరీయేనని ఇస్రాయేలు బస్సు కదిలేదాకా తనకు తాను చెప్పుకుంటూనే ఉన్నాడు.