చట్టం దృష్టిలో తులశమ్మ

ఒక పెద్ద అడవి ఉండేది. ఎంత పెద్దదంటే, ఈ కొసన మొదలైన తగువు ఆ కొసన ఉన్న అత్యున్నత న్యాయస్థానానికి చేరేసరికి, తగువుపడ్డవాళ్ళ మనవలు పెళ్ళీడుకు వచ్చేవారు.

ఆ న్యాయస్థానంలో ముగ్గురు కూర్చునేవారు. పెద్దాయన ఏనుగు. ఆయన పక్కన ఎలుగుబంటి. వాదనలు మొదలవగానే ఆయన కళ్ళు మూసుకునేవాడు. దీర్ఘంగా ఆలోచిస్తున్నాడని అందరూ గౌరవంగా అనుకునేవారు. మూడోవాడు కొండముచ్చు. ఏ తీర్పు వచ్చినా "నేను ఒప్పుకోను" అని తన మాట వేరుగా చెప్పేవాడు. దాన్ని అందరూ శ్రద్ధగా విని, భద్రంగా పక్కన పెట్టేసేవారు.

ఆ అడవిలోనే ఒక మద్దిచెట్టు తొర్రలో తులశమ్మ అనే కొమ్ముపిట్ట కాపురం. కొమ్ముపిట్టలకో ఆచారం ఉంది. గుడ్లు పెట్టే వేళకు తల్లి తొర్రలోకి వెళ్ళి మట్టితో వాకిలి మూసేసుకుంటుంది. ముక్కు పట్టేంత సందు మాత్రం వదులుతుంది. లోపల పాత ఈకలు రాల్చేసి, కొత్తవి వచ్చేదాకా పొదుగుతూ కూర్చుంటుంది. మొగుడు బయట తిరిగి పండ్లు తెచ్చి, సందులోంచి నోటికి అందిస్తాడు.

తులశమ్మ మొగుడు పేరయ్య. చాలా మంచివాడు. కాకపోతే పండుతో పాటు ప్రతిసారీ ఒక కబురు కూడా తెచ్చేవాడు.

ఒకరోజు పొద్దున తులశమ్మ సందులోంచి కనబడే ఎర్రటి సూర్యుడికి దణ్ణం పెట్టుకుంటుంటే పేరయ్య వచ్చి వాలాడు.

"ఏమేవ్, నిన్న పెద్ద కోర్టులో వరసపెట్టి తీర్పులే తీర్పులు!"

"ముందు పండు ఇలా పెట్టండి. తీర్పులు ఎక్కడికీ పోవు."

పండు పెట్టి చెప్పాడు. గుడ్లగూబకు పగలు నిద్ర కావాలి, వడ్రంగిపిట్టకు పగలే పని. అందుకని వడ్రంగిపిట్ట చెట్టును పొడవచ్చుగానీ చప్పుడు రాకూడదన్నారు. ముళ్ళపంది ముల్లు చిరుతపులి అరికాల్లో దిగింది. నొప్పికి పరిహారం కావాలని చిరుత, నా ముల్లు నాకిప్పించమని ముళ్ళపంది. ముల్లు ముళ్ళపందిదే, కాలు చిరుతదే, ఎవరిది వాళ్ళు తీసుకోవచ్చన్నారు. ముళ్ళపంది అప్పటినుంచి కనబడటం లేదు. వాగు ఎగువ దున్నలదా, దిగువ జింకలదా అన్నదానికి కమిటీ వేశారు. కమిటీలో మొసలి ఒక్కటే ఉంది.

తులశమ్మ నవ్వింది. "పోనీలెండి. పెద్దవాళ్ళు, ఏదో ఆలోచించే చెప్పి ఉంటారు."

పేరయ్య గొంతు తగ్గించాడు. "మన సంగతి కూడా వచ్చిందే."

కొండలరాయుడనే ఉడుము దావా వేశాడట. ఈ తొర్రలో తన ముత్తాత ఒక వానాకాలం పడుకున్నాడు కనుక తొర్ర తనదే అన్నాడు. అతని తరఫున వకీలు గోరువంక పొద్దుగూకేదాకా వాదించింది. తీర్పు వచ్చేలోపు అంతా ఉన్నది ఉన్నట్టే ఉండాలని ఏనుగుగారు ఉత్తర్వు ఇచ్చారు. తొర్ర, మట్టిగోడ, లోపల తల్లి, రెండు గుడ్లు. వీటిలో ఏదీ మారకూడదు. గోడ పగిలితే ధిక్కారం. ఆ క్షణమే తొర్ర కొండలరాయుడి వశం.

"మారకూడదంటే?" అంది తులశమ్మ. ఆమె పొట్ట కింద ఒక గుడ్డు అప్పుడే కదిలింది.

రెండు రోజులకు పిల్లలు పుట్టారు. గోరువంక వెంటనే కోర్టుకు ఎగిరింది. పేరయ్యకు పిలుపు వచ్చింది.

"రెండు గుడ్లు ఉండాలి. ఉన్నాయా?" అంది గోరువంక.

"పిల్లలయ్యాయండీ."

"ఎవరి అనుమతితో?"

పేరయ్య తల గోక్కున్నాడు. "గుడ్లకు మీ ఉత్తర్వు అందలేదు ప్రభూ."

ఏనుగుగారు చెవులు విసురుకుంటూ ఆలోచించారు. వేసవి సెలవులు మర్నాడే. ఏటి స్నానం పిలుస్తోంది. "పాపం, పసివాళ్ళను శిక్షించలేం. విచారణ ముగిసేదాకా ఈ న్యాయస్థానం దృష్టిలో అవి గుడ్లే. వాయిదా సెలవుల తర్వాత."

"నేను ఒప్పుకోను. గుడ్లు అరవవు," అన్నాడు కొండముచ్చు. అందరూ శ్రద్ధగా విన్నారు.

కోర్టు ఏటికి వెళ్ళిపోయింది. చట్టం దృష్టిలో గుడ్లయిన ఇద్దరూ తొర్రలో నోళ్ళు తెరుచుకుని రోజురోజుకీ పెరిగారు. ఎండలకు మేడిపండ్లు చెట్టునే వడిలిపోయాయి. పేరయ్య దూరాలు తిరిగి తిరిగి రెక్క ఈడ్చుకుంటూ వచ్చేవాడు. తెచ్చింది పిల్లలకే చాలేది కాదు. తులశమ్మ తన వంతు కూడా వాళ్ళ నోట్లోనే పెట్టేది.

చెట్టు మొదట్లో కొండలరాయుడు హాయిగా పడుకుని ఉండేవాడు.

"అమ్మా తులశమ్మగారూ, ఎందుకండీ ఈ అవస్థ? ఒక్క పోటు పొడిస్తే గోడ రాలిపోతుంది. నేనేమన్నా పరాయివాణ్ణా?"

"మీరు చల్లగా ఉండండి అన్నయ్యగారూ. ఎండ తగులుతోందేమో, కాస్త నీడకు జరగండి," అనేది తులశమ్మ నెమ్మదిగా.

చిన్నది ఒకరోజు అరవడం మానేసింది. కళ్ళు తెరుస్తోందిగానీ మెడ నిలపడం లేదు. తులశమ్మ చాలాసేపు దాన్నే చూసింది. తనకు కొత్త ఈకలు వచ్చేశాయి. బయటికి వెళితే ఇద్దరూ కలిసి మేత తేవచ్చు. గోడ పగిలితే ఉడుము లోపలికి వస్తాడు. ఉడుము వస్తే పిల్లలు ఉండరు.

"నాయనా," అని పెద్దవాణ్ణి దగ్గరికి తీసుకుంది. "మా అమ్మ కూడా ఇలాగే మమ్మల్ని వదిలి ముందే వెళ్ళింది. అప్పుడు వాకిలి మూసింది ఎవరనుకున్నావు? నేనూ, మీ మావయ్యానూ. మట్టి పెళ్ళలు ఏరుకో. పండుగుజ్జు కలిపి, ముక్కు పక్కకు పెట్టి మెత్తు. తడబడకు. చెల్లెల్ని వెనక్కి కూర్చోపెట్టు."

"నాకు రాదమ్మా."

"నాకూ రాదనే అనుకున్నాను."

మిట్టమధ్యాహ్నం కొండలరాయుడు కునుకు తీస్తుండగా, తులశమ్మ దేవుణ్ణి తలుచుకుని గోడ పొడిచింది. బయటికి దూకి కొమ్మ మీద కూర్చుంది. వెనక తొర్రలోంచి చిన్న ముక్కు మట్టి మెత్తుతున్న చప్పుడు వినబడింది. వంకరటింకరగానే అయినా గబగబా గోడ లేచింది. సందు మళ్ళీ ముక్కు పట్టేంతే మిగిలింది.

తులశమ్మ రివ్వున ఎగిరి కాయో పురుగో దొరికింది తెచ్చి చిన్నదాని నోట్లో పెట్టింది. సాయంత్రానికి అది మెడ నిలిపింది. మళ్ళీ అరిచింది.

ఆ అరుపుకు కొండలరాయుడు లేచి కొమ్మ మీద తులశమ్మను చూశాడు. ఆనందం పట్టలేక, అప్పుడే సెలవుల నుంచి తిరిగొచ్చిన కోర్టును చెట్టు దగ్గరికే నడిపించుకొచ్చాడు.

"ధిక్కారం ప్రభూ! తల్లి బయట ఉంది. అదిగో!"

ఏనుగుగారు తొండం చాచి గోడను తట్టి చూశారు. గోడ గట్టిగా ఉంది. "గోడ పగల్లేదే?"

"పగిలింది ప్రభూ! మళ్ళీ మెత్తారు!"

"ఎవరు మెత్తారు?"

"లోపలి పిల్లలు!"

"లోపల పిల్లలెక్కడివి? గుడ్లని ఉత్తర్వు ఇచ్చాం కదా. గుడ్లు గోడలు మెత్తుతాయా?"

గోరువంక కక్షిదారు వైపు జాలిగా చూసి, ఒక కొమ్మ వెనక్కి జరిగింది.

"గోడ చెక్కుచెదరలేదు. కాబట్టి తల్లి లోపలే ఉంది," అన్నారు ఏనుగుగారు.

"మరి ఆ కొమ్మ మీద ఉన్నదెవరు ప్రభూ?"

"ఎవరో దారినపోయే పిట్ట. ఈ కేసుతో ఆమెకు సంబంధం లేదు. అమ్మా, మీరు వెళ్ళవచ్చు."

తులశమ్మ వంగి దణ్ణం పెట్టి మేతకు వెళ్ళింది.

"నేను ఒప్పుకోను," అన్నాడు కొండముచ్చు అలవాటు ప్రకారం. "కొండలరాయుడి దావా వల్లనే కదా ఆ తల్లి లోపల చిక్కుకుంది? ఆమెకు తిండి ఎవరు పెట్టాలి? ఈయనే పెట్టాలి!"

అప్పుడే కళ్ళు తెరిచిన ఎలుగుబంటి, తిండి అన్న మాట విని గట్టిగా తలూపాడు. ముగ్గురిలో ఇద్దరిదీ ఒకటే మాట కావడంతో అదే ఉత్తర్వు అయింది.

తొలకరికి పిల్లలు గోడ పగలగొట్టుకుని ఎగిరిపోయారు. అయినా రెండోసారి వచ్చి చూడటానికి కోర్టుకు ఇంకా తీరిక చిక్కలేదు. కోర్టు చూసేదాకా చట్టం దృష్టిలో గోడ నిలిచే ఉంది, తల్లి లోపలే ఉంది. అందుకని కొండలరాయుడు రోజూ వానలో తడుస్తూ మద్దిచెట్టెక్కి, ఖాళీ తొర్ర ముందు మేడిపండు పెట్టి దిగుతుంటాడు. దారినపోయే పిట్ట ఒకతి వచ్చి సూర్యుడికి దణ్ణం పెట్టుకుని, ఆ పండు తిని వెళుతుంటుంది.

నీతి: బయట స్వేచ్ఛగా తిరగాలనుకునేవారు ముందుగా కోర్టు చేత లోపలే ఉన్నట్టు ఉత్తర్వు తెచ్చుకోవాలి.