అది బఠాణీల పుస్తకం

సాయిశ్రీ మైనరట. పెండ్లి చేస్తే పోలీసులొచ్చి పందిట్లో వాళ్లనందరినీ, వంటవాళ్లతో సహా, జీపెక్కిస్తారట. ఈ మాట మా పక్కింటి జైబున్నీసా కొళాయి దగ్గర మా ఇంటావిడ చెవిలో వేసింది. మా ఇంటావిడ బిందె అక్కడే వదిలేసి వచ్చి నా చెవిలో వేసింది.

సాయిశ్రీ మా పెదనాయన కొడుకు కూతురు. వయసు ఇరవై నాలుగు. బీయస్సీ చదివి, ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు బడిలో పిల్లలకు పాఠాలు చెబుతోంది. ఓటు వేసి వేలికి సిరా పూయించుకున్న మనిషి. ఇరవై నాలుగేళ్ల మైనరు ఎక్కడైనా ఉంటుందా?

ఉంటుంది! కాగితంలో అలాగే ఉంది మరి. 'తలసేమియా మైనర్' అని.

బడిలో రక్తదాన శిబిరం పెడితే ఈ పిల్ల ఉత్సాహంగా చెయ్యి చాపింది. నీకే రక్తం తక్కువుంది, నువ్వు ఇచ్చేదేంటని వాళ్లు వెనక్కి పంపారు. కడపలో ఒక డాక్టరమ్మ పరీక్షలు చేయించి ఆ కాగితం చేతిలో పెట్టింది. జైబున్నీసా కొడుకు నాసిర్‌కు ప్రొద్దుటూరులో జిరాక్సు అంగడి ఉంది. జిరాక్సుకిచ్చిన కాగితాన్ని వాడు ఊరకే ఉండలేక ఫోనులో పెట్టి తెలుగులోకి మార్చాడు. 'తలసేమియా అనే మైనర్ బాలిక' అని వచ్చింది. ఆఖరి బస్సు కంటే ముందు ఆ వార్త మా ఊరు చేరింది.

పాఠకులారా, దీన్ని చూసి నవ్వకండి. గర్వపడండి. జన్యుశాస్త్రం గురించి నమ్మదగిన పుస్తకం గానీ, పత్రిక గానీ, వెబ్‌సైటు గానీ మన భాషలో మన చేతికి అందకపోవడం ఈ ప్రాంతానికి దేవుడిచ్చిన వరం. ఆ వరాన్ని ఎవరూ పాడుచెయ్యకుండా కాపాడుకోవాలని మనవి చేయడానికే ఈ నాలుగు మాటలు.

డాక్టరమ్మ చెప్పింది చిన్న విషయం. "నీకేం భయం లేదమ్మా. నువ్వు క్యారియర్‌వి, వంశంలో వచ్చే లోపమొకటి రక్తంలో మోస్తున్నావు, అంతే. చేసుకోబోయే అబ్బాయి కూడా క్యారియరే అయితే మాత్రం, పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు తలసేమియా మేజర్ అనే పెద్ద జబ్బు వచ్చే అవకాశం ఉంది. వస్తే బతికినన్నాళ్లూ నెలనెలా రక్తం ఎక్కించాలి. మేనరికం కాబట్టి పెండ్లికి ముందే అబ్బాయికి ఒక్క రక్తపరీక్ష చేయించండి. తేడా ఉన్నా దారులున్నాయి, ముందు తెలియాలి."

సాయిశ్రీ తల్లి ఈశ్వరమ్మ ఇంటికొచ్చి అందరికీ చెప్పుకుంది. "నా బిడ్డ రోజూ బడికి అన్నం క్యారియర్ ఎత్తుకపోతాదని ఆ డాక్టరమ్మకు ఎట్ల తెల్సిందో. ముఖం చూసి చెప్పేసింది."

చేసుకోబోయేవాడు జగదీష్. ఈశ్వరమ్మకు సొంత తమ్ముడైన సుబ్బరాయుడి కొడుకు. పులివెందుల దిక్కున, తొండూరు దగ్గర పల్లె. శనగ చేను, ఎనభై గొర్రెలు, మంచి మనుషులు. ముహూర్తం మాఘమాసంలో. అన్నీ కుదిరాయి, ఆ ఒక్క రక్తపరీక్ష దగ్గర ఆగింది.

"మా వంశంలో యవనికీ ఏ రోగమూ ల్యా," అన్నాడు సుబ్బరాయుడు. "నిజమైతే అచ్చులో ఉంటాది గదా? తెలుగులో, పుస్తకంలో చూపీండి. నేనే పిల్లోన్ని కడపకు పిల్చుకపోతా."

మా బావకు అచ్చు అంటే అంత గురి. పురుగుమందు డబ్బా మీది కాగితాన్ని కంపెనీ అడ్రసు దాకా చదివిగానీ మూత తియ్యడు. వరుసకు నాకు బావ కాబట్టి ఈ గుణం నాకు బాగా తెలుసు.

సాయిశ్రీ నా దగ్గరికొచ్చింది. "చిన్నాయనా, పేపర్లకు రాస్తాంటావు గదా. ఒక్క పుస్తకం ఎతికిపెట్టు. పుస్తకం గాకుంటే ఒక్క పేజీ. మామ నమ్మేట్టుండల్ల. ఏమీ తెలీకుండా పెండ్లిపీట మీద నేను కూర్చోను, జగదీష్‌ను పోగొట్టుకోనూ లేను."

ఒక్క పేజీ! అంతే కదా. సంచి భుజాన వేసుకుని బయలుదేరాను.

మొదట ప్రొద్దుటూరు. బంగారం దొరికే ఊరు, బట్టలు దొరికే ఊరు, శాస్త్రం రాసే జర్నల్ దొరకదా? పెద్ద స్టేషనరీ అంగడికి వెళ్లి "నమ్మకమైన జర్నల్ కావాల" అన్నాను. అంగడాయన ఎర్ర అట్ట వేసిన ఇంత లావు చిట్టా పుస్తకం తీసి బల్ల మీద దబ్బున పెట్టాడు. ఇది నమ్మకమైనదేనా అని అడిగాను. "ఇన్‌కమ్ ట్యాక్సోళ్లే నమ్మినారప్పా," అన్నాడు. అంతకు మించిన సర్టిఫికెట్ ఏ శాస్త్రానికుంది?

అక్కడి నుంచి నాసిర్ అంగడి. చేసిన తప్పుకు ప్రాయశ్చిత్తంగా వాడు గంటసేపు వెతికాడు.

"దొరికింది మామా. శానా మంచి జర్నల్. పైన అయిదు లైన్లు ఉచితం. మిగిలింది చదవాలంటే ముప్పై అయిదు డాలర్లు."

బిర్యానీ అంగట్లో మూత తీసి ఆవిరి చూపించి మళ్లీ మూసేసినట్టుంది. వాడు గడ్డం గోక్కున్నాడు. "మా అన్న కువైట్లో ఉండాడు. దినార్లయితే అడగొచ్చు. డాలర్లంటే కుదర్దు మామా. అయినా ఆడ పెండ్లికి ముందు రక్తం పరీక్ష కాగితం పెట్టల్లంట. అది ల్యాకుంటే వాళ్లోళ్లకు నిఖా చెయ్యరంట."

ఎంత వెనకబడిన దేశమో చూడండి! మన దగ్గర శుభలేఖ ఒక్కటి ఉంటే చాలు.

"ఉచితంగా మంచివి కూడా ఉండాయి మామా. పెద్దపెద్ద ఆస్పత్రులోళ్లు పెట్టినవి. అన్నీ ఇంగ్లీషే," అంటూ వాడు ఒకదాన్ని తెలుగు చేసే మీట నొక్కాడు. 'తలసేమియా మేజర్' అన్న చోట 'తలసేమియా సైన్యాధికారి' అని వచ్చింది. మైనర్ బాలిక, సైన్యాధికారి. మాఘంలో పెండ్లి వీళ్లిద్దరికీ చేస్తే సరిపోతుందేమో అనిపించింది.

ఈ వెతుకులాటలో నా ఈమెయిలు చిరునామా ఎక్కడ పడిందో, మరునాడే ఒక అంతర్జాతీయ జన్యుశాస్త్ర పత్రిక నుంచి ఉత్తరం. 'గౌరవనీయులైన డాక్టర్ గారూ, మీ అమూల్యమైన పరిశోధనను మాకు పంపండి' అని. ఉన్నమాట చెప్పాలి కదా, 'నేను శనగ రైతును' అని ఒక్క వాక్యం ఇంగ్లీషులో రాసి పంపాను. రెండోనాటికి జవాబు. 'నేను శనగ రైతును అనే మీ వ్యాసాన్ని ముగ్గురు నిపుణులు క్షుణ్ణంగా పరిశీలించి ఆమోదించారు. అచ్చు రుసుము పంపగలరు.'

మంచి పత్రికలో చదవడానికి డబ్బు కావాలి, చెడ్డ పత్రికలో రాయడానికి డబ్బు కావాలి. ఇంత చక్కని సమన్యాయం ఇంకే రంగంలో ఉంది?

పులివెందుల బస్టాండు బయట ఇంకా గొప్ప విద్య చూశాను. గోడ మీద బ్యానరు. 'జన్యు జాతకం. ఒక చుక్క రక్తం, పుట్టిన టైము తెస్తే చాలు.' రక్తం ఎందుకని ఆ స్వామిని అడిగాను. "టైము సరిగా తెలియనోళ్లకు," అన్నాడు. సందేహం రావడానికి సందు లేదు.

ఇక వాట్సాప్ సంగతి చెప్పనే అక్కరలేదు. నమ్మదగిన పుస్తకానికి ఒక పెద్ద జబ్బుంది. 'కావచ్చు' అంటుంది, 'బహుశా' అంటుంది, 'ఇంకా పరిశోధన జరగాలి' అంటుంది. కింద ఎవరు చెప్పారో, ఏ ఏడు చెప్పారో చీమల బారులా రాసి పెడుతుంది. వాట్సాప్‌కు ఆ పిరికితనం లేదు. 'తమలపాకులో మూడు మిరియాలు పెట్టి ఇరవై ఒక్క రోజులు నమిలితే జన్యువులు శుభ్రపడతాయి.' ఎవరు చెప్పారు? చెప్పినవాడు. ఎప్పుడు? ఇప్పుడే. మీకు ధైర్యం కావాలా, అనుమానం కావాలా?

చివరికి జమ్మలమడుగులో నా అదృష్టం పండింది. అక్కడొక గ్రంథాలయంలో, పేరు మీరు అడగకండి, పుస్తకాలన్నీ అక్షరక్రమంలో ఉన్నాయి. చేపల పెంపకానికీ జ్యోతిషానికీ మధ్య ఇరుక్కుని ఒక పాత డిగ్రీ పుస్తకం, జన్యుశాస్త్రం. నాకు ముందు దాన్ని ఇంటికి తీసుకెళ్లిన మనిషి తొంభై నాలుగులో తీసుకెళ్లాడని చీటీ మీద ముద్ర ఉంది. మొదటి పదహారు పేజీలు లేవు. రాసినవారెవరో తెలియదు. కానీ తెలుగు! అచ్చు! అట్ట!

నేనూ ఈశ్వరమ్మ వదినా సాయిశ్రీ, ముగ్గురం ఆదివారం పొద్దున తొండూరు బస్సెక్కాం.

ముందు సంగటి పెట్టారు. తింటున్నంతసేపూ సుబ్బరాయుడు గుంజకు కట్టేసిన కొత్త పొట్టేలును చూపిస్తూనే ఉన్నాడు. "ఖాజీపేట దిక్కు మందలోనుంచి తెచ్చినా బావా. పాతదాన్ని వాళ్లకిచ్చినా. మూడేండ్లాయె గదా, ఇంకా పెట్టుకుంటే దాని బిడ్డల మీదికే పోతాది. పిల్లలు ఈనినవి ఈనినట్టే నీరసపడతాయి. రక్తం మార్చల్ల, రక్తం."

గొర్రెల సంగతి మనకెందుకు? మనం వచ్చిన పని జన్యుశాస్త్రం. నేను చెయ్యి కడుక్కుని పుస్తకం తీశాను.

సుబ్బరాయుడు కళ్లజోడు పెట్టుకున్నాడు. జగదీష్ గడప మీద తల వంచుకుని కూర్చున్నాడు. సుబ్బరాయుడి తల్లి పుల్లమ్మ, అంటే పెండ్లికొడుక్కు నాయనమ్మ, పెండ్లికూతురికి అమ్మమ్మ, తాను కూడా మేనమామనే చేసుకున్న మనిషి, పొట్టేలు ముందు కూర్చుని దానికి తుమ్మకాయలు తినిపిస్తోంది.

"ఒక లక్షణానికి సంబంధించి విషమయుగ్మజ స్థితిలో ఉన్న జీవిని..." అని మొదలుపెట్టాను.

"ఆగు బావా. విషమా? నా మేనకోడలి రక్తంలో విషముండాదంటాండావా?"

"విషం కాదు బావా. విషమయుగ్మజం. అంటే జతలో రెండూ ఒకటి గాకపోవడం."

"పెండ్లి మాటలప్పుడు ఇట్లాంటి మాటలు చదవగూడదు. ఏదీ, నాకీ." పుస్తకం లాక్కుని నాలుగు పేజీలు తిప్పాడు. నాలుగింటా బఠాణీ మొక్కల బొమ్మలే. పొడుగు బఠాణీ, పొట్టి బఠాణీ, నున్నటి బఠాణీ, ముడతల బఠాణీ.

"ఇది బఠాణీల పుస్తకం," అన్నాడు తీర్పు చెబుతున్నట్టు. "మాది శనగ."

సాయిశ్రీయే అందుకుంది. "మామా, బఠాణీ గానీ శనగ గానీ లెక్క ఒకటే. జగదీష్‌కు కూడా ఉంటే నాలుగింట ఒక పాలు..."

"అదే చెప్తాండా. నలుగుర్లో ఒకరికి గదా? ముగ్గుర్ని కని ఆపేస్తే సరిపాయె."

"ఆ నాలుగోది మొదట్నే వస్తే?"

"వరస తప్పి యాల వస్తాది?"

డాక్టరమ్మ చెప్పింది ప్రతి కాన్పుకూ విడిగా అని, ఆ లెక్కకు క్యూ ఉండదని సాయిశ్రీ చెప్పింది. నేనూ చెప్పాను. అచ్చులో చూపించమన్నాడు. ఆ ముక్క ఉండాల్సిన పేజీ, చెదలు తిన్నదో పిల్లలు చింపారో, పుస్తకంలో లేదు.

"నీకేమనిపిస్తాందప్పా?" అని జగదీష్‌ను అడిగాను.

"నాయన సరేనంటే చేయించుకుంటా," అన్నాడు వాడు గడపతో.

"తీసేది మీ నాయన రక్తం గాదు, నీది," అంది సాయిశ్రీ. నవ్వుతూనే అంది. నవ్వు మాత్రం కళ్ల దాకా రాలేదు.

పాఠకులారా, ఇప్పుడు ఒప్పుకోండి. ఒక డాక్టరు తనకు తెలిసిన నాలుగు వాక్యాలను, విషమయుగ్మజం లేకుండా, బఠాణీలు లేకుండా, మా బావ చదివే తెలుగులో, తన పేరూ ఊరూ కింద రాసి ఒక్క పేజీ అచ్చేసి ప్రతి బస్టాండులోనూ అంటించి ఉంటే ఏమయ్యేది? నేను మూడు ఊళ్లు తిరిగేవాణ్ణి కాదు. ఈ వ్యాసం ఉండేది కాదు. ఎరువు సంచి మీద కూడా అర్థమయ్యే తెలుగు రాయించగలిగిన దేశం, బిడ్డల రక్తం గురించి ఒక్క పేజీ రాయించలేకపోయిందంటే, అది మామూలు వరమా?

సుబ్బరాయుడు పుస్తకం మూసి దుమ్ము దులిపి, గౌరవంగా నా ఒళ్లో పెట్టాడు.

"తెలుగులో ఉండల్ల. అర్థమయ్యేట్టుండల్ల. మనుషుల గురించి ఉండల్ల. అట్లాంటిది తే బావా, రేపే పోదాం కడపకు. పుస్తకంలో ల్యాకుండా నేను ఏ పనీ చెయ్యను."

పుల్లమ్మ పొట్టేలు గడ్డం కింద చెయ్యి తియ్యలేదు. మా వైపు చూడనూ లేదు.

"మూడేండ్లకోసారి పొట్టేలును మారుస్తాండావే. అది ఏ పుస్తకంలో చదివినావురా?"